చావు కబురూ, ఆటో స్టార్టరూ: లిస్ప్‌లో తెగిపోయే సిస్టమ్ కాల్స్

మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ రైసు మిల్లులోకైనా వడ్ల లారీ వస్తే ముందు ఎక్కేది వేబ్రిడ్జి మీదికే. అక్కడ దాన్ని అందరూ కాంటా అనే అంటారు. లారీ కాంటా మీద నిలబడగానే ఇండికేటరు డబ్బా బరువును సీరియల్ తీగ గుండా కంప్యూటరుకు పంపుతుంది, కంప్యూటరు చీటీ కొడుతుంది. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక మిల్లుకు చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను, అదీ లిస్ప్‌లో. లిస్ప్ ఎందుకని అడిగిన వాళ్లకు అప్పుడు చెప్పిన జవాబు ఇప్పుడు నాకే నచ్చదు కాబట్టి దాన్ని వదిలేద్దాం. వారం తిరక్కముందే కాంటా దగ్గరి అన్న ఫోన్ చేశాడు.

"సార్, చీటీ కొట్టంగనే కాంటా బందైతుంది. మల్ల బంద్ చేసి చాలు చేస్తెనే బరువొస్తది."

"ప్రతిసారీనా అన్నా?"

"పదిట్ల ఏడెనిమిది సార్లు. లారీలు లైన్ల నిలబడ్డయి సార్."

పదిట్లో పదిసార్లూ వచ్చే తప్పు సుఖం. పదిట్లో ఏడెనిమిది సార్లు వచ్చే తప్పు దగ్గర సమయం ఎక్కడో వేలు పెట్టిందని అర్థం. జరిగింది ఇది. చీటీ కొట్టడానికి నా ప్రోగ్రాం ఎల్‌పీఆర్ అనే ఇంకో ప్రోగ్రామును పిల్ల ప్రాసెస్‌గా లేపేది. చీటీ ప్రింటరుకు చేరగానే ఆ పిల్ల పని అయిపోయి చనిపోయేది. చనిపోయిన సంగతి కెర్నల్ తల్లి ప్రాసెస్‌కు సిగ్‌చైల్డ్ అనే సిగ్నల్‌గా చేరవేస్తుంది. సరిగ్గా అదే క్షణంలో తల్లిలోని ఇంకో థ్రెడ్ కాంటా వైపు చెవి పెట్టి, బరువెప్పుడొస్తుందా అని పోల్ అనే సిస్టమ్ కాల్‌లో కూర్చుని ఉండేది. కబురు వచ్చి ఆ ఎదురుచూపును తెంపేది. పోల్ చేతిలో ఈఐఎన్‌టీఆర్ అనే లోపాన్ని పెట్టుకుని బయటికొచ్చేది. లినక్స్‌లో దాని నంబరు 4, అర్థం "మధ్యలో తెగింది" అని. సీరియల్ పోర్టు చదివే సీ లైబ్రరీకి ఆ నాలుగో నంబరు సంగతి తెలియదు. ఏ లోపం వచ్చినా పరికరం ఊడిపోయిందనుకుని పోర్టు మూసేసి కూర్చునేది.

చావు కబురు చల్లగా చెప్పాలంటారు. యూనిక్స్ మాత్రం అవతలి మనిషి ఏ పనిలో ఉన్నాడో చూడకుండా భుజం పట్టి కుదిపి చెప్తుంది. అలా కుదిపినప్పుడు తెగిన పనిని మళ్లీ ఎవరు అందుకోవాలి? కెర్నలా, లిస్ప్ రన్‌టైమా, ప్రోగ్రాం రాసినవాడా? నలభై ఏళ్లు దాటిన తగవు ఇది. లిస్ప్ వాళ్లకు ఇందులో పాత గాయం కూడా ఉంది.

రిజిస్టరులో పేరు

ముందు చావు సంగతి. యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ ఫోర్క్ చేసి పిల్లను కంటుంది. పిల్ల తన పని ముగించి ఎగ్జిట్ అయినా ప్రాసెస్ పట్టికలోంచి దాని పేరు పోదు. ఏ సంఖ్యతో ముగిసిందో, ఏ సిగ్నల్ దెబ్బకు చచ్చిందో కెర్నల్ రాసిపెట్టుకుని, తల్లి వచ్చి వెయిట్ లేదా వెయిట్‌పిడ్ అని అడిగేదాకా అట్టే పెడుతుంది. ఆ మధ్యకాలంలో దాన్ని జాంబీ అంటారు. మనిషి పోయి ఏడాదైనా ఇంటివాళ్లు వెళ్లి చెప్పేదాకా రేషన్ కార్డులో పేరు నడుస్తూనే ఉంటుంది చూశారూ, అదే పద్ధతి. తల్లే ముందు చనిపోతే మిగిలిన పిల్లలు ఒకటో నంబరు ప్రాసెస్ ఇనిట్ పాలబడతారు, వాళ్ల లెక్కలు అదే తేలుస్తుంది.

సిగ్‌చైల్డ్‌కు ఎవరూ హ్యాండ్లర్ పెట్టకపోతే కెర్నల్ దాన్ని పట్టించుకోదు. అప్పుడు ఏ కాలూ తెగదు. చాలామంది సీ ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి ఈ గొడవ చూడకపోవడానికి కారణం అదే. లిస్ప్ రన్‌టైమ్‌కు మాత్రం పిల్లల స్థితి తెలుసుకోవడానికి హ్యాండ్లర్ పెట్టే అలవాటు ఉన్నది. అలా పెట్టాక ఆ ప్రోగ్రాంలో నెమ్మదిగా నడిచే ప్రతి సిస్టమ్ కాలూ తెగే ప్రమాదంలో పడుతుంది: పైపు నుంచీ, సాకెట్ నుంచీ, టెర్మినల్ నుంచీ చదవడం, ఇంకో ప్రాసెస్ కోసం ఆగడం, నిద్రపోవడం. డిస్కు మీది ఫైలు చదవడాన్ని మామూలుగా ఈ లెక్కలో వేయరు.

ఇంకో చిక్కుంది. ఈ సిగ్నళ్లు వరసలో నిలబడవు. ముగ్గురు పిల్లలు ఒకేసారి పోతే మూడు కబుర్లు రావు, ఒక్కటే రావచ్చు. కాబట్టి కబురు అందితే "ఎవరో పోయారు" అని మాత్రమే అర్థం చేసుకుని, ఇంకెవరూ లేరని తేలేదాకా వెయిట్‌పిడ్‌ను ఆగకుండా అడుగుతూ పోవాలి. పాత పుస్తకాల్లో ఇక్కడ మైనస్ ఒకటి ఇచ్చి "నా పిల్లల్లో ఎవరైనా సరే" అని అడగమని రాస్తారు. లిస్ప్‌లో అలా అడగడం నా లెక్కలో తప్పే. అదే ప్రాసెస్‌లో ఉన్న ఏదో సీ లైబ్రరీ తన పిల్లను తాను కని దాని కోసం ఎదురుచూస్తుంటుంది. మన లూపు ముందే వెళ్లి ఆ చావును నమోదు చేసేస్తే, ఆ లైబ్రరీ అడిగేసరికి కెర్నల్ "నీకు పిల్లలే లేరు" అంటుంది. ఆ లోపం నంబరు 10, ఈచైల్డ్. ఎవరి పిల్లల్ని వాళ్లే, పేరుపేరునా అడగాలి.

బాయి కాడి తెలివి

నల్లగొండ, పాలమూరు మెట్ట పొలాల్లో బోరు మోటరున్న రైతుకు ఈఐఎన్‌టీఆర్ గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో అర్ధరాత్రి త్రీఫేజు వచ్చిందని లేచి, బ్యాటరీ లైటు పట్టుకుని, పాములకు భయపడుతూ బాయి కాడికి పోయి మోటరు వేయడం ఇక్కడ అందరికీ అనుభవమే. ఆ తిప్పలు తప్పించుకోవడానికి వచ్చింది ఆటో స్టార్టరు. కరెంటు పోతే మోటరు ఆగుతుంది, కరెంటు రాగానే దానంతటదే లేస్తుంది. రైతు ఇంట్లో నిద్రపోవచ్చు.

బర్క్‌లీ వాళ్లు 1983లో 4.2 బీఎస్‌డీలో చేసింది అదే. సిగ్నల్ వచ్చి రీడ్, రైట్, వెయిట్ లాంటి కాల్ తెగితే, హ్యాండ్లర్ ముగిశాక కెర్నలే దాన్ని తిరిగి మొదలుపెట్టేది. కొందరికి ఇది హాయి. కొందరికేమో తిప్పలొచ్చాయి, ఎందుకంటే అలారం పెట్టి చదవడాన్ని మధ్యలో ఆపాలనుకునేవాడికి ఇప్పుడు అది ఆగదు. 1986లో వచ్చిన 4.3 బీఎస్‌డీ, ఏ సిగ్నల్‌కు ఆటో స్టార్టరు ఉండాలో, దేనికి తీసేయాలో ప్రోగ్రామరే చెప్పుకునే వీలిచ్చింది. అటు సిస్టమ్ ఫైవ్ వాళ్లు తెంపి లోపమిచ్చే పద్ధతినే పట్టుకుని ఉన్నారు. చివరికి పోసిక్స్ ప్రమాణం రెండింటినీ సిగ్‌యాక్షన్ అనే ఒకే కాల్ కింద చేర్చింది. హ్యాండ్లర్ పెట్టేటప్పుడు ఎస్‌ఏ-రీస్టార్ట్ అనే జెండా ఎత్తితే కెర్నల్ మళ్లీ మొదలుపెడుతుంది, ఎత్తకపోతే ఈఐఎన్‌టీఆర్.

జెండా ఎత్తితే అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. నేనూ అలాగే అనుకున్నాను. కానీ లినక్స్‌లో కొన్ని కాల్స్ జెండా ఎత్తినా తిరిగి మొదలు కావు: సెలెక్ట్, పోల్, ఈపోల్ వెయిట్, నానోస్లీప్, కాలపరిమితి పెట్టిన సాకెట్ మీది చదువు. వీటన్నింటిలో ఉమ్మడిగా ఉన్నది గడియారం. రెండు సెకన్లు ఆగమన్న కాల్ ఒకటిన్నర సెకను దగ్గర తెగితే, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రెండా, అరా? కాబట్టి కెర్నల్ ఆ నిర్ణయం మనకే వదిలేసింది. నా మిల్లు ప్రోగ్రాం పడిన గుంట సరిగ్గా ఇదే.

ఆటో స్టార్టరు కథకు ఇంకో ముఖం కూడా ఉంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. పాత నల్లగొండ జిల్లాలో ప్రయోగంగా 2017 జులైలోనే ఇచ్చి చూశారు. అప్పుడు ప్రభుత్వమే ఊరూరా తిరిగి ఆటో స్టార్టర్లు తీసేయండని రైతుల్ని బతిమాలింది. కారణం నీళ్లు. కరెంటు ఉన్నంతసేపూ మోటరు నడుస్తూనే ఉంటే పాతాళంలో ఉన్న చుక్క కూడా అయిపోతుంది. మోటరు కాలిపోయే సంగతి వేరే ఉంది: మూడు ఫేజుల్లో ఒకటి లేకుండా కరెంటు వచ్చినా లేవబోయే స్టార్టరు వైండింగును మాడ్చేస్తుంది. మోటరు ఎందుకు ఆగిందో చూడకుండా మళ్లీ లేపే యంత్రంతో వచ్చే నష్టాలివి. సిస్టమ్ కాల్స్‌లో వీటికి జోడీలున్నాయి.

క్లోజ్ తీసుకోండి. ఏడో నంబరు ఫైలును మూస్తుండగా తెగింది. మళ్లీ మూద్దామా? లినక్స్‌లో ఏడో నంబరు అప్పటికే విడుదలైపోయి ఉంటుంది. ఈలోపు ఇంకో థ్రెడ్ ఏదో ఫైలు తెరిచి అదే ఏడో నంబరు అందుకుని ఉంటే, మనం రెండోసారి మూసేది వాడి ఫైలును. కనెక్ట్ తెగితే ఇంకో రకం. కాల్ తెగినా కనెక్షన్ వెనకాల నడుస్తూనే ఉంటుంది, మళ్లీ కనెక్ట్ అంటే "అది జరుగుతూనే ఉంది కదా" అని వేరే లోపం రావచ్చు. పోల్ చేసి, అయిందో లేదో చూసుకోవాలి. రైట్ సగం రాశాక తెగితే అసలు లోపమే రాదు, ఎన్ని బైట్లు రాసిందో చెప్పి ఊరుకుంటుంది. మిగతావి రాసే బాధ్యత మనది. "ఈఐఎన్‌టీఆర్ వస్తే మళ్లీ పిలువు" అని ఒక్క వాక్యంలో నేర్పే పాఠం ఇందువల్లే ప్రమాదకరం.

లిస్ప్ వాళ్ల పాత గాయం

ఈ తగవు మీద కంప్యూటరు ప్రపంచంలో బాగా పేరుపడ్డ కథ చెప్పింది లిస్ప్ మనిషే. రిచర్డ్ గాబ్రియేల్ లిస్ప్ మంచి చెడ్డల మీద 1989లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. అందులో "తక్కువదే మేలు" అన్న అర్థం వచ్చే భాగం 1991లో అచ్చై విడిగా లోకమంతా తిరిగింది. ఆ భాగంలో ఒక ఎంఐటీ మనిషీ, బర్క్‌లీలో ఉండి యూనిక్స్ మీద పనిచేసే ఇంకో మనిషీ కూర్చుని వాదించుకునేది సరిగ్గా దీని గురించే: సిస్టమ్ కాల్ మధ్యలో ఇంటరప్ట్ వస్తే ఏం చేయాలి? ఎంఐటీలో నడిచిన ఐటీఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాం కౌంటరును వెనక్కి నడిపించేది. ఎంత పని అయిందో ఆర్గ్యుమెంట్లలో దిద్ది, ప్రోగ్రామును కాల్ గడప దగ్గర తిరిగి నిలబెట్టేది. బయటి నుంచి చూసేవాళ్లకు ప్రోగ్రాం ఎప్పుడూ గడపకు ఇవతలో అవతలో ఉంటుంది తప్ప గడప మీద ఉండదు. యూనిక్స్ ఇదంతా తలపెట్టలేదు. తెగిందని లోపం చేతిలో పెట్టింది, కావాలంటే ప్రోగ్రామరే మళ్లీ పిలుచుకోవాలి. కెర్నల్ చిన్నదిగా ఉండిపోయింది, భారం పైకి జరిగింది. ఎంఐటీ మనిషికి అది న్యాయంగా తోచలేదు. గాబ్రియేల్ బాధగా ఒప్పుకున్నది ఏమిటంటే, ఆ అన్యాయపు పద్ధతే గెలిచింది.

ఈమ్యాక్స్ పుట్టింది ఆ ఐటీఎస్ మీదే, 1976లో. ఈఐఎన్‌టీఆర్ అనే మాటే లేని ఇంట్లో పుట్టి, 1985 నుంచి గ్నూ ఈమ్యాక్స్‌గా యూనిక్స్ ఇంట కాపురం చేస్తోంది. ఈ విషయంలో లిస్ప్ ప్రోగ్రాములన్నింటిలోకీ ఎక్కువ దెబ్బలు తిన్నదీ, ఎక్కువ నేర్చుకున్నదీ అదే.

ఇంకో కొస మన దాకా వస్తుంది. లిస్ప్ పుట్టించిన జాన్ మెకార్తీ దగ్గర స్టాన్‌ఫర్డ్‌లో 1966లో పీహెచ్‌డీ చేసింది చిత్తూరు జిల్లా కాటూరు మనిషి రాజ్ రెడ్డి. 1969లో కార్నెగీ మెలన్‌కు వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. ఆయన పని మాటల గుర్తింపు మీద, సిగ్నళ్ల మీద కాదు. అయినా ఆ విశ్వవిద్యాలయంలో 1980ల మొదట్లో స్పైస్ లిస్ప్ పేరుతో మొదలైన పనే సీఎంయూసీఎల్ అయింది. 1999 డిసెంబరులో విలియం న్యూమన్ దాన్నుంచి వేరు చేసి ఎస్‌బీసీఎల్ మొదలుపెట్టాడు. కార్నెగీది ఉక్కు, మెలన్‌ది బ్యాంకు కాబట్టి దానికి స్టీల్ బ్యాంక్ అని పేరు. కాంటా ప్రోగ్రాం నడిచింది దాని మీదే.

ఎవరింట్లో ఎట్లా

ఎస్‌బీసీఎల్ తన సిగ్నల్ హ్యాండ్లర్లు పెట్టేటప్పుడు రీస్టార్ట్ జెండా ఎత్తే పెడుతుంది. దానికి తోడు విత్-రీస్టార్టెడ్-సిస్‌కాల్ అని లోపల ఒక మ్యాక్రో ఉంది. కాల్ చేస్తుంది, ఈఐఎన్‌టీఆర్ వస్తే మళ్లీ చేస్తుంది. రన్-ప్రోగ్రాం లేపిన పిల్లల్ని ఒక జాబితాలో ఉంచుకుని ఒక్కొక్కరినీ నంబరుతో అడుగుతుంది, ఊరందరినీ కాదు. ఆ పిల్ల కోసం ఆగడానికి సీఎంయూసీఎల్ నుంచి వారసత్వంగా వచ్చిన పద్ధతి మొరటుది: స్థితి చూడు, ఇంకా నడుస్తుంటే ఒక సెకను మిగతా పనులు చూసుకో, మళ్లీ స్థితి చూడు. అందంగా లేదు, కానీ కబురు తప్పిపోయినా ఇది చెడదు. నిద్రలోంచి లేచి మధ్యమధ్య పొయ్యి వైపు చూసే ముసలమ్మ లెక్క.

ఎస్‌బీసీఎల్‌లో ఈఐఎన్‌టీఆర్ కొట్టే దారి సిగ్‌చైల్డ్ ఒక్కటే కాదు, ఇది చాలామంది మరిచిపోయే సంగతి. థ్రెడ్లున్న ప్రోగ్రాంలో చెత్త ఏరే (గార్బేజ్ కలెక్షన్) వేళ మిగతా థ్రెడ్లను నిలబెట్టడానికి అది సిగ్నల్నే వాడుతుంది. మెమొరీ జోరుగా వాడే ప్రోగ్రాంలో సెకనుకు పదిసార్లు చెత్త ఏరడం పెద్ద విశేషమేమీ కాదు. అంటే పిల్లలు లేని ప్రోగ్రాంలో కూడా సీ లైబ్రరీ లోపలి పోల్ ఆ లెక్కన తెగుతుంది. పిల్ల చావును పక్కకు పెట్టి జబ్బు కుదిరిందనుకుంటే పొరపాటే.

విత్అవుట్-ఇంటరప్ట్స్ అనే మ్యాక్రో ఉంది కదా, దానిలో చుడితే సరిపోతుంది కదా అని నేనూ చుట్టి చూశాను. సరిపోలేదు. ఆ మ్యాక్రో లిస్ప్ హ్యాండ్లరును మాత్రమే వాయిదా వేస్తుంది. కింద సీ పొరలోని హ్యాండ్లర్ సిగ్నల్‌ను అందుకుని, "తర్వాత చూద్దాం" అని జేబులో వేసుకుని తిరిగొస్తుంది. కానీ సిగ్నల్ అందుకోవడంతోనే కాల్ తెగిపోయింది. ఈ మ్యాక్రో కాపాడేది లిస్ప్ డేటాను: రీడ్ తిరిగొచ్చిన బైట్లను లెక్కలో వేసుకునేలోపు హ్యాండ్లర్ ఎగిరి బయటికి దూకితే ఆ బైట్లు గల్లంతవుతాయి, దాన్ని ఆపుతుంది. సిస్టమ్ కాల్‌ను కాపాడడం దాని పని కాదు. ఇది అర్థం కావడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

క్లోజర్ సీఎల్ (సీసీఎల్) అనే ఇంకో లిస్ప్ దారి వేరు. అది లేపిన ప్రతి పిల్లకూ ఒక కాపలా థ్రెడ్‌ను పెడుతుంది. పిల్ల పైపులను చూసుకోవడం, చావును నమోదు చేయడం ఆ థ్రెడ్ పని. ఎదురుచూసేవాడు సెమాఫోర్ మీద ఎదురుచూస్తాడు. ఇగ్నోరింగ్-ఈఐఎన్‌టీఆర్ అనే పేరుతోనే వాళ్లకు ఒక మ్యాక్రో ఉంది. ఆ పేరు పెట్టినవాడి చిరాకు నాకు వినిపిస్తుంది. నా ఓటు అయితే ఈ పద్ధతికే: చావు కబురు కోసం ఒక మనిషిని కూర్చోబెడితే మిగతావాళ్ల పని చెడదు. సీలిస్ప్ అనే మరో లిస్ప్ తన సీ పొరలో ఓపెన్, క్లోజ్ లాంటి వాటికి తెగని తొడుగులు వేసుకుంది. ఐఓలిబ్ అనే లిస్ప్ లైబ్రరీ ప్రతి ఎర్రర్ నంబరునూ ఒక కండిషన్ క్లాసు చేసింది, ఈఐఎన్‌టీఆర్‌తో సహా. పుస్తకంలో చూస్తే ఇది లిస్ప్ పద్ధతిలా కనిపిస్తుంది. లిస్ప్‌లో రీస్టార్ట్ అంటే వేరే, చాలా గొప్ప వస్తువు: తప్పు జరిగిన చోటే స్టాక్ విప్పకుండా నిలబడి, "మళ్లీ చేయనా, వేరే విలువ ఇవ్వనా, వదిలేయనా" అని పైవాడిని అడగడం. కానీ గంటకు వెయ్యిసార్లు తెగే కాల్‌కు ప్రతిసారీ పైవాడిని లేపి అడగడం, బోరు కాడి ప్రతి ఫ్యూజుకూ సర్పంచును పిలిచినట్టు ఉంటుంది. ఆ అడుగుడు నిజంగా పరికరం పోయినప్పుడు కావాలి. యూఐఓపీ అనే లైబ్రరీ ఈ గొడవనంతా దాచి రన్-ప్రోగ్రాం, లాంచ్-ప్రోగ్రాం అనే రెండు తలుపులు పెట్టింది. ఏ లిస్ప్ మీదైనా నడిచే స్క్రిప్టుకు అది చాలు. కింద ఉన్న రన్‌టైమ్ జబ్బులను మాత్రం అది మాన్పదు.

ఈమ్యాక్స్ దగ్గర కాసేపు ఆగాలి. దాని హ్యాండ్లర్ సెంటినెల్‌ను పిలవదు. సెంటినెల్ అంటే పిల్ల స్థితి మారినప్పుడు నడవాల్సిన మన లిస్ప్ ఫంక్షన్. హ్యాండ్లర్ తనకు తెలిసిన పిల్లల నంబర్లతో ఒక్కొక్కటీ అడిగి, స్థితి రాసుకుని వెళ్లిపోతుంది. తర్వాత ఎడిటరు ఇన్‌పుట్ కోసం ఆగే చోట తీరిగ్గా సెంటినెల్ నడుస్తుంది. కబురు విన్నప్పుడు గుర్తు పెట్టుకోవడం, దినం పెట్టుకోవడం తర్వాత. 2013లో వచ్చిన 24.3 కోసం ఈ భాగాన్ని తిరగరాసినప్పుడు గ్లిబ్ లైబ్రరీ తన పిల్లల కోసం పెట్టుకునే హ్యాండ్లరును కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఈమ్యాక్స్ తన వంతు చూసుకుని దానికీ కబురు అందిస్తుంది. ఒకే ఇంట్లో రెండు కుటుంబాలుంటే వచ్చిన ఉత్తరం ఇద్దరికీ చూపించడమన్నమాట.

ఫైలు తెరవడం, చదవడం చేసే దాని లోపలి ఫంక్షన్లలో ఈఐఎన్‌టీఆర్ లూపు ఉంది, కానీ గుడ్డిది కాదు. తెగిన ప్రతిసారీ, మనిషి కంట్రోల్-జీ నొక్కాడా అని ఒకసారి చూసి, నొక్కకపోతేనే మళ్లీ మొదలుపెడుతుంది. నొక్కితే పని వదిలేసి బయటికొస్తుంది. రాసే పనిలో మధ్యలో వదలకూడని చోట్లకు ఈ చూపు లేని తొడుగులు విడిగా ఉన్నాయి. చిన్న లూపే గానీ ఐటీఎస్‌కూ, యూనిక్స్‌కూ మధ్య తగవు ఇక్కడ సగం తీరినట్టు నాకు అనిపిస్తుంది. దేని కోసం ఆగిందో తెలిసిన పొరలోనే ఆ నిర్ణయం ఉంది.

పైథాన్ ఈ దారికి ఆలస్యంగా వచ్చింది. 2015లో 3.5తో, పెప్ 475 అనే తీర్మానం మీద, అంతకుముందు ఇంటరప్టెడ్ ఎర్రర్ అని ముఖం మీద కొట్టే భాష లోపలే మళ్లీ పిలవడం మొదలుపెట్టింది. షరతులు రెండు. హ్యాండ్లర్ ఎక్సెప్షన్ విసిరితే పిలవకూడదు. కాలపరిమితి ఉంటే వెనక్కి నడవని గడియారంతో మిగిలిన సమయం లెక్కగట్టి అంతకే పిలవాలి. గో భాషకు ఇది 2020లో 1.14తో కొత్తగా అనుభవంలోకి వచ్చింది. గోరొటీన్లను ఆపడానికి సిగ్నల్ వాడడం మొదలుపెట్టాక, జెండా ఎత్తి ఉన్నా కొన్ని కాల్స్ మునుపటికంటే ఎక్కువగా తెగాయి. లిస్ప్ వాళ్లకు అది పాత కథ కాబట్టి కాస్త తృప్తి కలిగి ఉంటుంది.

కబురును దారి మళ్లించడం

అసలు సిగ్నల్‌గానే రాకుండా చూసుకుంటే? డీ.జే. బెర్న్‌స్టీన్ పేరుతో తిరిగే పాత ఉపాయం ఒకటుంది. మనకు మనమే ఒక పైపు తెరుచుకుని, హ్యాండ్లరులో ఆ పైపులోకి ఒక్క బైటు వేసి వచ్చేయాలి. సెలెక్ట్ ఎదురుచూసే జాబితాలో ఆ పైపు రెండో కొసను కూడా చేర్చాలి. చావు కబురు ఇక మిగతా ఉత్తరాల వరసలో వస్తుంది. ఈమ్యాక్స్ కూడా తర్వాతి కాలంలో ఇలాంటి పైపు పెట్టుకుంది. ఫ్రీబీఎస్‌డీలో కేక్యూ ఉంది. లినక్స్ 2007లో 2.6.22తో సిగ్నల్‌ఎఫ్‌డీ ఇచ్చింది, సిగ్నల్‌నే చదవదగ్గ ఫైలుగా మార్చేది. 2019లో 5.3తో వచ్చిన పిడ్‌ఎఫ్‌డీ ఇంకా మేలు. ఒక పిల్లకు ఒక డిస్క్రిప్టర్, ఆ పిల్ల పోతే ఆ డిస్క్రిప్టర్ చదవడానికి సిద్ధమవుతుంది. హ్యాండ్లర్ అక్కర్లేదు, ఒకరి పిల్లను ఇంకొకరు ఎత్తుకుపోయే భయం తగ్గుతుంది. ఎటొచ్చీ లినక్స్ దాటితే ఇది లేదు. నాలుగు ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద నడవాల్సిన లిస్ప్‌లు దీన్ని నెత్తిన పెట్టుకోకపోవడంలో వింత లేదు.

వీటిలో ఏదీ పక్కనున్న సీ లైబ్రరీని మార్చదు. కెర్నల్ నుంచి లిస్ప్ దాకా దారి ఎంత బాగున్నా, లిస్ప్ నుంచి సీని పిలిచే ఎఫ్‌ఎఫ్‌ఐ గడప దాటి అవతలికి పోయాక ఈఐఎన్‌టీఆర్ పేరు వినని కోడు ఎదురవుతుంది. లిస్ప్ ప్రోగ్రాముల్లో ఈ జబ్బు ఎక్కువగా బయటపడేది ఆ గడప మీదే. సీ లైబ్రరీ రాసినవాడు సిగ్నళ్లు రాని ఇంట్లో పెరిగాడు, లిస్ప్ రన్‌టైమ్ సిగ్నళ్ల మీదే బతుకుతుంది.

కాంటా దగ్గర మొదట చేసిన మందు సులువైనది. సీరియల్ పోర్టు చదివే థ్రెడ్‌లో సీ లైబ్రరీని పిలిచే ముందు పీథ్రెడ్-సిగ్‌మాస్క్‌తో సిగ్‌చైల్డ్‌కు తలుపు మూశాను. కబురు వేరే థ్రెడ్ అందుకుంది. చీటీ కొట్టినా కాంటా నిలిచింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. ఈసారి చీటీతో సంబంధం లేకుండా బందైంది. చెత్త ఏరే సిగ్నల్ అది, దానికి తలుపు మూస్తే చెత్త ఏరడమే ఆగి ప్రోగ్రాం మొత్తం బిగుసుకుంటుంది. ఇక లైబ్రరీ మూలం తెరిచి, పోల్ చుట్టూ ఈఐఎన్‌టీఆర్ వస్తే మళ్లీ పిలిచే లూపు పెట్టాను. ఆటో స్టార్టరే పెట్టానన్నమాట. రెండు వేల మిల్లీసెకన్ల గడువును ప్రతిసారీ మొదటి నుంచి ఇస్తూ.

ఆ సీజన్లో ఒక రాత్రి మిల్లులో ఎలుకలు సీరియల్ తీగ కొరికేశాయి. తీగ తెగినా ప్రోగ్రాం ఏ లోపమూ చెప్పలేదు. ఆ రాత్రి సెకనుకోసారి చెత్త ఏరే సిగ్నల్ వస్తోంది, లూపు ప్రతిసారీ కొత్తగా రెండు సెకన్లు ఎదురుచూడడం మొదలుపెడుతోంది, రెండో సెకను ఎప్పటికీ రావడం లేదు. తెర మీద పాత లారీ బరువు అలాగే నిలబడింది. కాంటా అన్న తెల్లారేదాకా దాన్ని చూసి, లారీ డ్రైవరే మోసం చేస్తున్నాడనుకున్నాడు.

చివరికి పెట్టింది ఏడు వరసల కోడు. ముందు గడువు ఎప్పుడు ముగుస్తుందో రాసుకోవడం, తెగిన ప్రతిసారీ గడియారం చూసి మిగిలినంతకే పోల్ చేయడం, మిగిలింది సున్నా అయితే కాంటా పలకడం లేదని చెప్పడం. కొత్త తీగ వేయడానికి నేను వెళ్లిన రోజు కాంటా అన్న, నా ముందే పరీక్ష పెట్టాడు. ప్లగ్గు పీకి, గోడ గడియారం వైపు చూశాడు. రెండు సెకన్లకు తెర ఎర్రబడింది. "ఇప్పుడు సరే సార్" అని ప్లగ్గు మళ్లీ పెట్టి, బయట హారన్ కొడుతున్న లారీని లోపలికి రమ్మని చెయ్యూపాడు.